దిగులుకు మాత్ర: ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కరలేదు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో మమ్మల్ని చదువు గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "మాస్టారూ, చదువు సంగతి ఏటా వింటూనే ఉన్నాం, ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము డాక్టర్లం కాము. 20 ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పుకుంటున్న వాళ్ళం. అంచేత మేము చెప్పేది చదివి తెలుసుకున్నది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, కొంత అనుభవించి తెలుసుకున్నది. మా తెలుగులో ఉర్దూ వాసన తగిలితే పెద్దలు మన్నించాలని మనవి.

మేము ఎన్నుకున్న విషయం మనసుకు వచ్చే దిగులు జబ్బు, దానికి ఇచ్చే మాత్రలు. ఉర్దూలో ఉదాసీ అంటాం, మాయూసీ అంటాం. తెలుగులో కుంగుబాటు అంటారు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మన ఇళ్ళల్లో మాత్రం ఏ పేరూ పెట్టరు. "వాడికి ఏదో అయ్యింది" అని ఊరుకుంటారు.

షుగరు మాత్రను పెళ్ళి దావత్‌లో పదిమంది ముందు జేబులోంచి తీసి వేసుకుంటాం. బి.పి. మాత్ర సంగతి గర్వంగా కూడా చెప్పుకుంటాం. ఈ మాత్రను మాత్రం సొంత ఇంట్లోనే బియ్యం డబ్బా వెనుక దాస్తాం. దాచిన వాళ్ళలో మేము కూడా ఒకళ్ళం.

ఈ మాట సభలో చెప్పవచ్చునా అని మా ఇంట్లోవాళ్ళను అడిగాం. "రేపు అమ్మాయికి సంబంధాలు రావాలి కదా" అన్నది ఆవిడ. నిజమే, ఆ భయం మాకూ ఉంది. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోనాడు, "చెప్పండి, ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాగే ఉంటే వాళ్ళకు పనికొస్తుంది" అన్నది. ఆ అనుమతితోనే ఇక్కడ నిలబడ్డాం.

మాకు జరిగింది

2021 మే నెలలో, కరోనా రెండోసారి విజృంభించినప్పుడు మా తమ్ముడు పోయాడు. ఆ సంవత్సరం ఎన్ని ఇళ్ళల్లో ఎంత జరిగిందో మీకు తెలుసు. మొదట మూడు నాలుగు నెలలు మేము బాగానే ఉన్నాం. తమ్ముడి పిల్లల ఫీజులు, కాగితాలు, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్ళు, ఇవన్నీ చేశాం. ఆ తరువాత మొదలైంది. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. అన్నం మట్టిలా ఉండేది. బ్లాక్‌బోర్డు ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడి, రాయబోయేది మరిచిపోయేవాళ్ళం. పిల్లలు "సర్, సర్" అని పిలిస్తే తెలివి వచ్చేది. మసీదుకు పోవాలంటే కాళ్ళు బరువు. పోకపోతే పోలేదని ఇంకో దిగులు.

ఒకరు నజర్ తగిలిందన్నారు. ఒకరు తావీజు కట్టించారు. ఇంకొక పెద్దాయన, "నమాజు మనసు పెట్టి చదివితే ఇవన్నీ రావు మాస్టారూ" అన్నారు. ఆయన మంచి కోరే అన్నారు. కాని ఆ రాత్రి మాకు నిద్ర అసలే పట్టలేదు. తమ్ముడు పోయిన దిగులుకు తోడు, మన ఈమానే బలహీనమైనదేమో అనే దిగులు చేరింది.

దుఃఖం వేరు, జబ్బు వేరు

ఇక్కడ ఒక సంగతి పెద్దలందరూ గమనించాలి. దుఃఖపడటం ఈమాన్ తక్కువవటం కాదు. హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ కొద్ది కాలం తేడాతో గతించిన సంవత్సరాన్ని ఇస్లాం చరిత్రలో ఆముల్ హుజ్న్, అనగా దుఃఖ సంవత్సరం అని అంటారు. కుమారుడి కోసం ఏడ్చి ఏడ్చి హజ్రత్ యాఖూబ్ కళ్ళు తెల్లబడిన సంగతి ఖురాన్ చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ప్రవక్తలే దుఃఖపడ్డప్పుడు మనం ఎంత!

మన పూర్వికులు దీన్ని శాస్త్రంగా కూడా చూశారు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) అనే విద్వాంసుడు దేహానికి, మనసుకు కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశాడు. అందులో ఆయన దిగులును రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి, కారణం తెలిసిన దిగులు. మనిషి పోవటం, సొమ్ము పోవటం వంటివి. దానికి మంచి మాట, ఆలోచన మందు అన్నాడు. రెండోది, కారణం కనపడని దిగులు. అది దేహంలోంచి పుడుతుంది, దానికి దేహానికి చేసే వైద్యమే కావాలన్నాడు. వెయ్యి ఏళ్ళ క్రితమే ఒక ముస్లిం పండితుడు ఇది చెప్పాడంటే, నేడు మనం దీన్ని సిగ్గుపడే విషయం చేసుకోవటం ఎంత విచారకరం!

నేటి వైద్యులు కారణాన్ని బట్టి కాక, తీవ్రతను బట్టి చూస్తారు. మనసు బాగుండకపోవటం గాని, ఏ పని మీదా ఇష్టం లేకపోవటం గాని రెండు వారాలకు తగ్గకుండా దాదాపు ప్రతిరోజూ ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత చెడటం, నేను పనికిరానివాణ్ణి అనిపించటం, చావు ఆలోచనలు రావటం, ఇలాంటివి కొన్ని చేరాలి. అప్పుడు దాన్ని జబ్బు అంటారు.

దీనికి 9 ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. మన బడి పరీక్షకు ఇది తలకిందులు, మార్కులు ఎక్కువ వస్తే మంచిది కాదు. 5 నుంచి 9 దాకా వస్తే స్వల్పం. 10 నుంచి 14 దాకా మధ్యస్థం. 15 దాటితే తీవ్రం వైపు, 20 దాటితే తీవ్రం. ఈ కాగితం జబ్బును తేల్చదు, డాక్టరుకు దారి చూపుతుంది, అంతే. పని చేసుకోగలుగుతున్నాడా, ఇల్లు చూసుకోగలుగుతున్నదా అనేది కూడా డాక్టరు అడుగుతాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా మనిషి అచ్చం ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటాడు. అంచేత మొదట ఆ రక్త పరీక్షలు చేయించటం మంచిది.

జాతీయ స్థాయిలో బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాలలో సర్వే చేశారు. 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుందని అందులో తేలింది. ఈ షామియానా కింద 400 మంది ఉన్నారనుకుంటే, లెక్క ప్రకారం 20 మంది. జబ్బు ఉన్నవారిలో 100కి 85 మందికి ఏ చికిత్సా అందటం లేదని కూడా అదే సర్వేలో తేలింది.

ఈ మాత్రలు ఎలా పుట్టాయి

ఈ మందుల పుట్టుక ఒక చిత్రమైన కథ. 1952లో న్యూయార్కు నగరంలోని ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనయజిడ్ అనే కొత్త మందును రోగులకు ఇచ్చారు. క్షయ సంగతి అలా ఉంచితే, మంచం దిగలేని రోగులు హుషారుగా లేచి తిరగసాగారు. మనసును తేలిక చేసే గుణం దానిలో ఉన్నట్లు వైద్యులు గుర్తించారు. కాలేయానికి చెరుపు చేస్తుందని తరువాత దాన్ని వదిలేశారు. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్, ఇమిప్రమిన్ అనే మందు దిగులు రోగులకు పనిచేస్తున్నదని ప్రకటించాడు. ఆయన దాన్ని మొదట వేరే మానసిక జబ్బుకు వాడి చూశాడు, దానికి పనిచేయలేదు, దీనికి పనిచేసింది! మన అమిట్రిప్టిలిన్ ఆ జాతిదే. ఈ పాత మందులు పనిచేస్తాయి గాని నోరు ఎండటం, మలబద్ధకం, మత్తు ఎక్కువ. మోతాదు మించితే గుండెకు ప్రమాదం.

1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఫ్లూయాక్సిటిన్‌కు అనుమతి ఇచ్చింది. ఆ తరువాత సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి వచ్చాయి. ఇవి పాతవాటికన్నా భద్రమైనవి. ఫ్లూయాక్సిటిన్, ఎస్సిటలోప్రామ్ మన దేశ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉన్నాయి.

ఇవి ఎలా పనిచేస్తాయంటే, మెదడులో ఒక నరం మరో నరానికి కబురు పంపేందుకు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కబురు అందగానే దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. ఈ మాత్ర ఆ పీల్చుకోవటాన్ని తగ్గిస్తుంది. ఆ మార్పుకు మెదడు మెల్లమెల్లగా, వారాల మీద సర్దుకుంటుంది. సెరటోనిన్ తగ్గితేనే దిగులు వస్తుందని ఒకప్పుడు చెప్పేవారు. వ్యవహారం అంత తేలిక లెక్క కాదని ఇప్పుడు శాస్త్రజ్ఞులే అంటున్నారు. తలనొప్పి మాత్రతో తలనొప్పి తగ్గుతుంది, అంతమాత్రాన ఆ మాత్ర తక్కువై తలనొప్పి వచ్చిందని అనం కదా.

స్వల్పానికి ఒక దారి, మధ్యస్థానికి ఒక దారి

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాం. ఈ మాత్రలు అందరికీ కావాలా?

మందును పరీక్షించేటప్పుడు రోగులను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు అసలు మాత్ర, రెండో జట్టుకు అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 2018లో ఆక్స్‌ఫర్డు వైద్యులు అలాంటి 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల లెక్కలను, 21 మందులను కలిపి చూశారు. 21 మందులూ ఉత్త మాత్రకన్నా మెరుగే అని తేలింది. కాబట్టి ఈ మాత్రలు వట్టి మోసం అనేవాళ్ళ మాట తప్పు.

కాని 2010లో అమెరికాలో తీవ్రతను బట్టి విడదీసి చూసిన ఒక పరిశీలన ఉంది. తీవ్రమైన జబ్బులో అసలు మాత్ర బాగా ముందుంది. స్వల్ప జబ్బులో మాత్రం అసలు మాత్ర వేసుకున్నవాళ్ళూ, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళూ ఇంచుమించు ఒకేలా తేరుకున్నారు. అంటే వాళ్ళను మేలు చేసింది మాత్రలోని మందు కాదు, డాక్టరు కూర్చోపెట్టి మాట్లాడటం, మళ్ళీ రమ్మనటం, కాలం గడవటం, బాగవుతాననే నమ్మకం. అంచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వల్ప కుంగుబాటుకు ఈ మాత్రలు అవసరం లేదంటున్నది. ఇంగ్లండు వారి 2022 నియమావళి కూడా, రోగి తానుగా కోరితే తప్ప, తీవ్రత తక్కువ ఉన్నప్పుడు మొదటి చికిత్సగా మాత్రను మామూలుగా ఇవ్వవద్దని చెప్పింది.

మరి స్వల్పానికి ఏమి చేయాలి? ఊరికే ఉండమని కాదు. రోజూ నడవాలి. పడుకునే వేళ, లేచే వేళ ఒకటిగా పెట్టుకోవాలి. మానేసిన పనులను ఇష్టం లేకపోయినా ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ఇష్టం పుట్టాక పని చేద్దామనుకుంటే ఇష్టం పుట్టదు. పని మొదలుపెడితే ఇష్టం మెల్లగా వెనక వస్తుంది. మాటతో చేసే చికిత్సలలో ఇది ఒక పద్ధతి. మన గోవాలో దీన్ని చేసి చూపించారు. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రోగులతో 6 నుంచి 8 సార్లు కూర్చుని మాట్లాడించారు. 2016లో ఫలితం ప్రకటించారు. 3 నెలలకు వాళ్ళలో 100కి 64 మంది తేరుకున్నారు. మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళలో 39 మందే తేరుకున్నారు. చూడండి, వాళ్ళవి తేలిక జబ్బులు కూడా కావు!

ఐదు పూటల నమాజుకు నడిచి పోవటం, జమాత్‌లో నలుగురిని కలవటం, ఇంట్లో దుఃఖం వస్తే పొయ్యి వెలిగించవద్దని పొరుగువారు అన్నం పంపటం, ఇవన్నీ ఈ చికిత్సకు దగ్గరివే. స్వల్ప దిగులులో ఇవి చాలాసార్లు చాలు. మాకు తెలిసిన ఒక అబ్బాయి టీచరు ఉద్యోగ పరీక్షలో తప్పి రెండు నెలలు గది దాటలేదు. డాక్టరుగారు మాత్ర రాయలేదు. రోజూ ఫజర్ తరువాత నడక, సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషను, రెండు వారాలకొకసారి తన దగ్గరకు రాక, ఇదీ ఆయన రాసిన చీటీ. అబ్బాయి తేరుకున్నాడు. వాళ్ళ నాన్న మాత్రం, "మందే రాయలేదు, ఈయనేం డాక్టరు" అని చాలా రోజులు కోప్పడ్డారు.

మధ్యస్థం సంగతి వేరు. అక్కడ మాట చికిత్స గాని, మాత్ర గాని, రెండూ కలిపి గాని ఇస్తారు. ఇదివరకు ఒకసారి తీవ్రంగా వచ్చినవారికి, చాలా కాలంగా వదలనివారికి, మాటతో తగ్గనివారికి మాత్ర వైపు మొగ్గుతారు. మాట చికిత్స చేసేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువ, అదీ ఒక కారణం. అంతేగాని, మధ్యస్థంలో ఉన్న మనిషిని "ధైర్యంగా ఉండు" అని వదిలేయటం, కాలు విరిగినవాణ్ణి నడువు అనటమే.

మాత్ర వేసుకునే విధం: మేము చేసిన తప్పులు

మేము మొదట పోయింది డాక్టరు దగ్గరకు కాదు, మెడికల్ షాపుకు. నిద్ర పట్టటం లేదంటే ఒక చిన్న మాత్ర ఇచ్చారు. అది ఆల్ప్రజోలామ్. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. 3 నెలలు అదే వేసుకున్నాం. నిద్ర వచ్చేది, దిగులు అలాగే ఉండేది. పైగా ఒక పూట మానితే చేతులు వణికేవి. చాలామంది రెండు రకాల మాత్రలనూ ఒకటే అనుకుంటారు. కావు. ఆ నిద్రమాత్రలకు దేహం అలవాటు పడుతుంది, ఇంకా ఇంకా కావాలంటుంది. దిగులుకు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ వంటివాటికి అలాంటి వ్యసన గుణం లేదు. అయితే వాటినీ ఉన్నపళంగా మానకూడదు. ఎందుకో మా రెండో తప్పులో చెబుతాం.

2022 జనవరిలో మా ఇంట్లోవాళ్ళు పట్టుబట్టి ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మానసిక వైద్య విభాగం ముందు బెంచీ మీద, ఎవరైనా విద్యార్థి తల్లిదండ్రులు చూస్తారేమోనని రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. చూస్తే పక్క బెంచీ మీద మాకు తెలిసినాయనే రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు! డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష చేయించింది. 9 ప్రశ్నలు అడిగింది. ఎప్పుడైనా నిద్ర లేకున్నా విపరీతమైన హుషారుతో, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తూ గడిపిన రోజులు ఉన్నాయా అని అడిగింది. ఇది ముఖ్యమైన ప్రశ్న. అలాంటి చరిత్ర ఉన్నవారికి దిగులు మాత్ర ఒక్కటే ఇస్తే మనసు రెండో కొసకు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. మాది మధ్యస్థం అని చెప్పి ఎస్సిటలోప్రామ్ రాసింది. నిద్రమాత్రను కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించింది.

మొదటి వారం కడుపులో వికారం, కొంచెం తలనొప్పి, లోపల ఏదో కంగారు. గుణం మాత్రం ఏమీ కనపడలేదు. ఈ మందుల తీరే అంత. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తరువాత వస్తుంది. 2 నుంచి 4 వారాలకు గుణం మొదలవుతుంది, పూర్తిగా తెలియటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. చాలామంది మొదటి వారంలోనే "నాకు పడలేదు" అని పారేస్తారు. సంసార సంబంధమైన ఇబ్బందులు కూడా కొందరికి వస్తాయి. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేయటం కన్నా డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. 25 ఏళ్ళ లోపువారిలో మొదటి వారాలలో చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొద్దిగా ఉన్నదని హెచ్చరిక ఉంది. అంచేత పిల్లలకు ఈ మందు మొదలుపెట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి. ఆస్పిరిన్, కీళ్ళనొప్పుల మాత్రలు, ట్రామడాల్ వాడేవారు, గర్భిణులు, హకీంగారి మాజూన్ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఐదో వారంలో ఒకనాడు తరగతిలో ఒక పిల్లవాడు వేసిన తిక్క ప్రశ్నకు మేము నవ్వాం. ఇంటికి వచ్చాక గుర్తుకు వచ్చింది, ఈ రోజు నవ్వాం కదా అని.

ఇక రెండో తప్పు. ఏప్రిల్‌లో రంజాను వచ్చింది. మనసు బాగానే ఉంది, ఇంకా మాత్ర ఎందుకు, రోజా ఉంటే మనసు అదే శుద్ధి అవుతుంది అనుకున్నాం. ఎవరినీ అడగకుండా మొదటి రోజా నుంచే మానేశాం. నాలుగో రోజుకు తల తిరగటం, తల తిప్పితే లోపల కరెంటు షాకు కొట్టినట్లు ఉండటం, పీడకలలు, ఊరికే కోపం. తరావీహ్‌లో నిలబడలేక కూర్చున్నాం. మూడు వారాలకు పాత దిగులు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈద్ రోజున అందరూ కొత్త బట్టలతో గలే మిలుతూ ఉంటే మేము దుప్పటి కప్పుకుని పడుకున్నాం. మా చిన్నవాడు ఈదీ అడగటానికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, వెనక్కి పోయాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మళ్ళీ పోతే డాక్టరమ్మ కోప్పడలేదు. "మాస్టారూ, రోజుకు ఒక్కటే మాత్ర కదా. ఇఫ్తార్ అయ్యాక వేసుకుని ఉంటే సరిపోయేది. నన్ను ఒక్క మాట అడగకపోయారా?" అన్నది. అంతే సంగతి! ఈ జాతి మాత్రలు చాలావరకు రోజుకు ఒకసారి వేసుకునేవే. ఇఫ్తార్ తరువాతనో, సహరీ వేళనో వేసుకోవచ్చు. రంజానుకు 3, 4 వారాల ముందే డాక్టరును అడిగి వేళ మార్చుకోవాలి. లిథియం అనే వేరే మందు వాడేవారు మాత్రం ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం కనుక, డాక్టరు చెప్పనిదే రోజా ఉండకూడదు. రోగికి రోజా నుంచి మినహాయింపు ఇచ్చింది మన ధర్మమే. మనసు రోగికి ఆ మినహాయింపు లేదని ఎక్కడా లేదు.

గుణం కనిపించాక కూడా కనీసం 6 నెలలు మాత్ర కొనసాగించాలి. ముందే ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఆపేటప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారం వారాల మీద, ఒక్కోసారి నెలల మీద తగ్గించాలి. ఫ్లూయాక్సిటిన్ దేహంలో చాలా రోజులు నిలుస్తుంది కనుక దాన్ని ఆపటం కొంత సులువు, మిగతావి అలా కాదు. మేము 2023 మొదట్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపాం. అల్లాహ్ దయవల్ల ఇప్పటివరకు బాగున్నాం. మళ్ళీ వస్తే? మళ్ళీ పోతాం. ఈసారి రుమాలు లేకుండా పోతాం.

మన జమాత్ చేయవలసినది

పెద్దలారా, మేము దుఆకు, దర్గాకు విరోధులం కాము. ప్రతి జబ్బుకూ మందు ఉన్నదని, వైద్యం చేయించుకోమని మనకు బోధించినవారు దైవప్రవక్త (స.అ.స.) గారే. అప్పుడు మందు వేసుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం ఎట్లా అవుతుంది? దుఆ చేయండి, మాత్ర కూడా వేసుకోండి. కాని ఎవరైనా ఆమిల్ "అసర్ ఉంది, డాక్టరు మందు ఆపితేగాని దిగదు" అంటే, ఆ గడప మళ్ళీ తొక్కవద్దు.

"ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి" అని మనం తమాషాకు అంటుంటాం. ఆ తమాషా మాట ఎంతమందిని ఆసుపత్రి గుమ్మం దాకా రానీయకుండా ఆపిందో! పరదా అవతల ఉన్న తల్లులకు ఒక మాట. కాన్పు అయ్యాక కోడలు ఏడుస్తూ, పిల్లను ఎత్తుకోకుండా ఉంటే అది పొగరు కాదు. రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి.

ఎవరైనా "నేను లేకపోతే మీకే సుఖం" వంటి మాట అంటే, తిట్టవద్దు, ఖురాన్ మీద ఒట్టు పెట్టించి ఊరుకోవద్దు. ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుల మందు దూరం చేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. అలాంటి ప్రయత్నం చేసినవాణ్ణి నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నది. ప్రభుత్వం వారి టెలీ మానస్ ఫోను 14416 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు, పేరు చెప్పనక్కరలేదు.

చివరగా మన సొసైటీకి మూడు మనవులు. ఏటా మనం పెట్టే వైద్య శిబిరంలో షుగరు బల్ల, కళ్ళ బల్ల ఉంటాయి. వాటి పక్కనే మానసిక వైద్యుల బల్ల ఒకటి వేయించండి. అది విడిగా ఒక మూల వద్దు, వరుసలోనే ఉండాలి. రెండోది, మసీదు నోటీసు బోర్డు మీద ఆ 14416 నంబరు రాయించండి. ఇమాం సాబ్ ఒక జుమా ఖుత్బాలో ఈ సంగతి ఎత్తితే మా వంటి 100 మంది మాస్టర్ల ప్రసంగాలకన్నా ఎక్కువ మేలు. మూడోది, ప్రభుత్వాసుపత్రిలో మాత్ర ఉచితమే గాని, నెలకొకసారి పోయి రావటానికి బస్సు చార్జీ, ఒకరోజు కూలి పోతాయి. అందుకే బీదవాళ్ళు మధ్యలో మానేస్తారు. మన బైతుల్‌మాల్ నుంచి అలాంటివారికి 6 నెలల దారిఖర్చు ఇవ్వగలిగితే, అది ఒక మనిషిని నిలబెట్టిన పుణ్యం.

మేము చెప్పినదంతా మూడు మాటల్లో గుర్తుంచుకోండి. దిగులు స్వల్పమైతే మాత్ర కోసం తొందరపడవద్దు. మధ్యస్థమైతే మాత్రకు భయపడవద్దు. రెంటిలోనూ సొంతంగా మొదలుపెట్టవద్దు, సొంతంగా ఆపవద్దు.

 సభ అయ్యాక ఎవరైనా మాతో మాట్లాడదలిస్తే వరండాలో ఉంటాం. పదిమందిలో వద్దనుకుంటే మా ఇంటి తలుపు ఇషా నమాజు తరువాత తెరిచే ఉంటుంది. అల్లాహ్ మనందరికీ దేహంలోనూ మనసులోనూ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.